రెండోది లేని కారు

ఆ కారు ఇంజను చెడిపోలేదు. ఎవరో జాగ్రత్తగా దాన్ని పనిచేయకుండా చేశారు. ఈ రెండింటికీ ఉన్న తేడాను మొదట పసిగట్టింది మా బావమరిదే. కానీ దాని అర్థమేమిటో అతనికి పట్టలేదు.

బావమరిది పాత కార్ల మెకానిక్కు. అందరూ అతన్ని రెంచి అంటారు. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆవిడ పోయాక నేను రోజూ ఉదయం ఫ్లాస్కులో టీ పోసుకుని అతని షెడ్డుకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. లైటు పట్టుకోవడం, కిరోసిన్‌లో బోల్టులు కడగడం, అతను తిడుతుంటే వినడం నా పనులు. అతనికి నవ్వొస్తే ముందు ముక్కులోంచి చిన్న చప్పుడు వస్తుంది, ఆ తర్వాతే నోరు తెరుచుకుంటుంది. మా ఆవిడా అచ్చం అలాగే నవ్వేది. అతను ఇంజను కిందికి దూరినప్పుడు మనిషి కనపడడు, నవ్వొక్కటే వినబడుతుంది. అలాంటి పూటలు దొరకడం నా అదృష్టమనుకునేవాణ్ణి. ఆ నవ్వు ఉన్నన్నాళ్ళూ నా ఇల్లు పూర్తిగా ఖాళీ కాలేదు. అందుకే అతనికేమన్నా అయితే ఎలా అన్న భయం కూడా నాకు కొంచెం ఎక్కువే.

పాత ఫౌండ్రీ గోదాము కూలగొడుతుంటే చెత్త వెనకాల ఆ కారు బయటపడింది. దాని మీద ఏ కంపెనీ గుర్తూ లేదు. ఆ ఫౌండ్రీలో పోతపని చేసే మేస్త్రి ఒకాయన తన సెలవు రోజులన్నీ పోసి సొంతంగా తయారు చేసుకున్నాడట. అలాంటిది మరొకటి చేయలేదు. పొడుగాటి ముక్కు, వంకాయ రంగు, తలుపులకు చెక్క చట్రాలు. రెంచి దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరికి నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు.

"బావా, ఈ బండికి సైలెన్సర్ గొట్టం లేదు."

"పోయిందేమో."

"పోలేదు, అసలు పెట్టలేదు. చట్రానికి రెండు పక్కలా బోలు దూలాలున్నాయి. పొగంతా వాటిలోంచే వెనక్కి పోతుంది. అవి సీట్ల కిందుగా వెళ్తాయి. చలికాలం సీటు కింద కుంపటి పెట్టుకున్నట్టే! వీడి బుర్రకి దండం పెట్టాలి."

"రేకులు అతికిన చోట కారదా?"

"రివిట్లు ఎలా కొట్టాడో చూడు. సబ్బునీళ్ళు పోసి గాలి ఎక్కిస్తాను. ఒక్క బుడగ వస్తే నా పేరు మార్చుకుంటా."

గాలి ఎక్కించాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. చల్లగా ఉన్నప్పుడు ఆ అతుకులు వెంట్రుక దూరనంత బిగువుగా ఉన్నాయి.

ఇంజనులో రెండే లేవు. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటరు, నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటరు. అవి ఉండాల్సిన చోట తెరుచుకున్న నోళ్ళకు మైనం పూసిన గుడ్డ బిగించి ఉంది. విప్పిన బోల్టులకు గ్రీజు రాసి, వాటి కన్నాల్లోనే తిరిగి బిగించారు.

"దొంగ ఇలా చేయడు," అన్నాడు రెంచి. "ఆపరేషన్ చేసిన డాక్టరు కుట్లు వేసినట్టు వేశారు."

అతనికి కోపం తెప్పించింది మాత్రం నేల. కాళ్ళు పెట్టుకునే చోట, వెనక సీటు ముందు, తలుపుల పక్కన, ఎక్కడ చూసినా డ్రిల్లుతో తొలిచిన కన్నాలు. వరస లేదు, కొలత లేదు. కొన్ని చోట్ల డ్రిల్లు జారి రేకు మీద గీతలు పడ్డాయి. చేయి వణుకుతున్న మనిషెవరో ఏడుస్తూ తొలిచినట్టున్నాయి. 

"ఇంత మంచి పనివాడి నేల మీద ఏ పిచ్చివెధవ పడ్డాడో," అంటూ రెంచి వాటిని ఒక్కొక్కటే వెల్డింగుతో పూడ్చాడు. నున్నగా అరగదీశాడు. రంగు వేశాడు. తలుపులకు కొత్త రబ్బర్లు, కిటికీలకు కొత్త అద్దాలు బిగించి, నన్ను లోపల కూర్చోబెట్టి పైనుంచి పైపుతో నీళ్ళు కొట్టాడు. ఒక్క చుక్క రాలేదు. తలుపు వేస్తే చెవుల్లో ఏదో నొక్కినట్టయింది. నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. బయట అతను ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి, మాట లోపలికి రావడం లేదు. అద్దం మీద తట్టాను. అతను నవ్వుతూ తలుపు తీశాడు.

"ఎలా ఉంది?"

"సీసాలో ఉన్నట్టుంది."

"అదే కావాలి!"

భాగాల కోసం పాత ఇనుము కొట్లన్నీ తిరిగాం. కార్బొరేటర్లు గుట్టలుగా ఉన్నాయి గానీ ఏదీ ఆ నోటికి కూర్చోదు. మేస్త్రి మూడు బోల్టుల్ని మూడు వేర్వేరు దూరాల్లో పెట్టాడు. తనకు తప్ప ఇంకొకరికి అందకూడదన్నట్టు. కొట్టువాళ్ళు గుడ్డ మీద మేం తీసిన అచ్చు చూసి, "ఇది దేనిదీ కాదయ్యా," అని తిరిగిచ్చేసేవారు. చివరికి ఒకతను, "లేతు తాతను అడగండి, ఆ ఫౌండ్రీలో లేతు మిషను నడిపేవాడు, అక్కడ చేసినవాళ్ళలో ఆయనొక్కడే మిగిలాడు," అన్నాడు.

లేతు తాత చూపు మందగించిన మనిషి. గుడ్డ మీది అచ్చును వేళ్ళతో తడిమాడు. ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. నూనెలో మునిగి డిస్ట్రిబ్యూటరు ఉంది, నిన్న తీసినంత మెరుపుతో.

"ఇన్నాళ్ళూ నీ దగ్గరుందా తాతా?" రెంచి గొంతు ఆనందంతో కీచుమంది.

"చేసినవాడే ఇచ్చాడు. దాచమన్నాడు, దాచాను."

"ఎందుకని అడగలేదా?"

"స్నేహితుడు దాచమంటే దాచడమేరా. ప్రశ్నలడగడానికి నేనేమైనా పోలీసునా? బండి ఎందుకాపావురా అంటే మాత్రం, అది మనుషుల్ని తింటుంది అన్నాడు."

రెంచి ముక్కులోంచి చప్పుడొచ్చింది. "నా షెడ్డుకొచ్చే ప్రతి బండీ తినేదే తాతా. ముందు ఓనరు జేబు, తర్వాత నా నడుము."

"నవ్వు, నవ్వు. నవ్వడానికి నీకింకా పళ్ళున్నాయి."

"అంత భయమైతే సమ్మెట పెట్టి పగలగొట్టాల్సింది కదండీ?" అన్నాను.

తాత నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "కన్నబిడ్డకి దయ్యం పడితే మాత్రం గొంతు పిసుకుతామా బాబూ?" అన్నాడు. డబ్బా రెంచి వైపు నెట్టి, "రెండోది, కార్బొరేటరు, వాడి అమ్మాయి దగ్గరుంది. ఇస్తే తీసుకోండి. ఇవ్వకపోతే బలవంతం చెయ్యకండి," అన్నాడు.

ఆ అమ్మాయికి ఇప్పుడు నా వయసు. ఇంట్లోనే నలుగురికి కుట్టుపని నేర్పుతుంది. మేం వచ్చిన పని చెప్పగానే మిషను ఆపింది. కింది సొరుగులోంచి గుడ్డమూట తీసి రెంచి చేతిలో పెట్టింది. బతిమాలే అవసరం రాలేదు. చేతులు ఖాళీ అయ్యాక భుజాలు కొంచెం దిగాయి. అంత తేలిగ్గా ఇచ్చేయడమే నాకు నచ్చలేదు.

"నేలలో కన్నాలున్నాయి కదా?" అని అడిగింది.

"ఉండేవమ్మా! అన్నీ పూడ్చేశాను. ఇప్పుడు చీమ కూడా దూరదు," అన్నాడు రెంచి గర్వంగా.

ఆవిడ అతని చేతిలోని మూట వంక చూసింది, తిరిగి తీసుకోవాలా అన్నట్టు. "మళ్ళీ వెయ్యి నాయనా."

"ఎందుకమ్మా?"

"నాన్న వేశారు. ఊరికే వేసుండరు."

"సరేనమ్మా, అలాగే," అన్నాడు, చందమామను తెచ్చిస్తానని చిన్నపిల్లకు చెప్పినట్టు. వీధి మలుపు తిరగగానే, "బట్టలకి కాజాలుండాలి గానీ కార్లకెందుకు బావా?" అని నవ్వాడు. అతను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. మా ఆవిడ కూడా అతనితో వాదించి గెలిచింది లేదు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. చప్పుడు కూడా పెద్దగా లేదు, పెద్ద పిల్లి ఒళ్ళో పడుకుని గుర్రుమన్నట్టుంది. రెంచి కళ్ళు తుడుచుకున్నాడు. అతనికో పద్ధతి ఉంది. ఏ ఇంజనుకైనా చివరి పరీక్ష చెవితోనే. లోపల కూర్చుని, తలుపులూ అద్దాలూ వేసుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. బయటి చప్పుళ్ళు కలిస్తే ఇంజను అబద్ధం చెబుతుందంటాడు. ఆ రోజు అలాగే కూర్చున్నాడు. నేను బోల్టులు కడుగుతూ ఒకసారి చూశాను, కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండోసారి చూస్తే తల పక్కకు వాలి ఉంది. అద్దం మీద కొట్టాను. పలకలేదు. తలుపు లాగి తీశాను.

"ఏంటి బావా... కాస్త కునుకు పట్టింది." లేచి నిలబడబోయి నా భుజం పట్టుకున్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. తల దిమ్ముగా ఉందన్నాడు, కొత్త రంగు వాసనకేమోనన్నాడు. నాకూ తల నొస్తోంది. కానీ నేను లోపల కూర్చోలేదు, తలుపు తీసి నిమిషం నిలబడ్డానంతే.

"అంత మెత్తగా ఉంది బండి," అన్నాడతను. "నిద్రపుచ్చుతోంది."

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది.

మర్నాడు కొండ మీద పాత కార్ల ప్రదర్శన. రెంచి, అతని భార్య ముందు సీట్లలో, నేను వెనక సీట్లో వెళ్ళాలని అనుకున్నాం. నేను చెల్లెమ్మా అని పిలిచే ఆ ఇల్లాలికి చలి పడదు. సీటు వెచ్చగా ఉంటుందని చెప్పి ఒప్పించాడు. ఉదయాన్నే ఫోన్ చేసి, "ఒక పని చూసుకుని వస్తాను, నేను వచ్చేదాకా కదలకు," అన్నాను. "పెళ్ళికొడుకువా, నీకోసం కాచుకోడానికి?" అన్నాడు. ముక్కులోంచి ఆ చప్పుడు వినిపించింది.

నేను కుట్టుపని చేసే ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆ కన్నాల సంగతి చెప్పమని అడిగాను.

"నాకప్పుడు ఏడేళ్ళు," అంది ఆవిడ. "చలిగా ఉందని కారు అద్దాలన్నీ ఎత్తేశాం. నాన్న మాత్రం సిగరెట్టు కోసం తన పక్కది దించుకున్నారు. అమ్మ, తమ్ముడు వెనక సీట్లో. నేను కింద, వాళ్ళ కాళ్ళ దగ్గర పడుకున్నాను. అక్కడ రేకు అతుకు ఊడి సందు ఉండేది. అందులోంచి రోడ్డు పరుగెత్తడం చూడటం నాకిష్టం. ముఖం దానికే ఆనించి పడుకునేదాన్ని."

మిషను మీది గుడ్డను సరిచేసింది. సరిచేయాల్సింది ఏమీ లేదు.

"ఇంటికొచ్చాక అమ్మా తమ్ముడూ లేవలేదు. నిద్రపోతున్నట్టే ఉన్నారు. బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి. చలికి గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. నాన్న నమ్మలేదు. ఆ సందే నన్ను కాపాడిందని మాత్రం ఆయనకి తోచింది. ఎలా కాపాడిందో తెలీదు. ఓ రోజంతా కూర్చుని నేలంతా తొలిచేశారు. తర్వాత ఏమనుకున్నారో, ఆ రెండూ విప్పేశారు."

నాకు సీట్ల కింది దూలాలు గుర్తొచ్చాయి. అతుకులు చల్లగా ఉన్నప్పుడు బిగువు. వేడెక్కితే విచ్చుకుంటాయి. అప్పుడు లోపలికి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. కాలేజీలో చదివిన పాఠమే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

రెంచికి ఫోన్ చేస్తూ పరుగెత్తాను. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, కారు లేదు. అతని ఫోన్ బల్ల మీద, గ్రీజు గుడ్డ పక్కన, మోగుతోంది. చెల్లెమ్మ నంబరు ఎంతసేపు మోగినా ఎత్తలేదు.

టాక్సీ డ్రైవరు నా ముఖం చూసి ఏమీ అడగలేదు. కొండ దారిలో మంచు కమ్మి ఉంది. ప్రతి మలుపు దగ్గరా లోయవైపు చూడటానికి భయపడి, చూడకుండా ఉండలేక చూశాను. సగం ఎక్కాక వంకాయ రంగు కనబడింది. కారు కొండ వైపు మట్టిగట్టుకు మెల్లగా ఆనుకుని ఆగి ఉంది. లోయ వైపు పోలేదు. ఇంజను ఇంకా నడుస్తోంది, అదే గుర్రు, నిన్నటంత నెమ్మదిగా. అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి.

ఒక్క అద్దం మాత్రం నాలుగు వేళ్ళు దిగి ఉంది. చెల్లెమ్మకు కార్లో కడుపులో తిప్పుతుంది. ఆ సందుకు మూతి ఆనించుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి, "అన్నయ్యా, ఈయన మాట్లాడటం లేదు," అంది. డ్రైవరు ఆవిణ్ణి దించాడు. నేను రెంచిని చంకల కింద పట్టి బయటికి లాగాను. అంత ఆరోగ్యమైన రంగు అతని ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. తడి గడ్డి మీద పడుకోబెట్టి, ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. చాలా దూరంలో ఎవరో నడుస్తున్నట్టు ఉంది.

"తలుపెయ్యి బావా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "చలి."

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అతను లేచాడు, తిన్నాడు, నర్సులతో పరాచికాలాడాడు. ఇంటికొచ్చాడు. చుట్టాలంతా గండం గడిచిందన్నారు. నేనూ అదే అనుకుని ఓ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. అలాంటి నిద్ర నాకు మళ్ళీ పట్టలేదు.

వారాలు గడిచాక మొదలైంది. కప్పు పట్టుకుని దాన్ని ఏమంటారో వెతుక్కునేవాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయేవాడు. తర్వాత నవ్వు పోయింది. ఆ విషవాయువు దెబ్బ ఇలా ఆలస్యంగా పైకి రావడం ఉంటుందనీ, పోయినదాంట్లో కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. కొండ దారి, ఆసుపత్రి, ఏవీ అతనికి గుర్తులేవు. కారు ఎక్కడిదో కూడా గుర్తులేదు. 

దాన్ని ముక్కలు చేయించేస్తానన్నాను. దూలాలు కొయ్యకుండా ఆ విషం పోదు, అవి కోస్తే కారే ఉండదు. చెల్లెమ్మ నా చేయి పట్టుకుంది.

"వద్దన్నయ్యా. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటారు. షెడ్డులో, దాని పక్కన నిలబడితేనే ఈయన ఈయనలా ఉంటారు. నిన్న దాని మీద చెయ్యేసి నా పేరు పెట్టి పిలిచారు."

కారును ఉండనిచ్చాను. కార్బొరేటరు మాత్రం విప్పి తీసుకెళ్ళి నా కళ్ళెదుటే మూసలో వేయించాను. అది అల్యూమినియం ముద్దయ్యేదాకా నిలబడి చూసి వచ్చాను. ప్రపంచంలో దానికి జత లేదు. ఇక భయం లేదనుకున్నాను.

రెంచి ఓ ఉదయం బానెట్ ఎత్తాడు. ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టాడు. ఎన్నాళ్ళ నుంచో మసకబారిన కళ్ళలో ఏదో కదిలింది.

"ఇక్కడ ఏదో ఉండాలి బావా."

"ఏముండాలిరా?" తెలియనట్టు అడిగాను.

పేరు దొరకలేదు. చాక్‌పీసు తీసుకుని నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూడు చుక్కలు పెట్టాడు, మూడు వేర్వేరు దూరాల్లో. స్కేలు ముట్టుకోలేదు. తర్వాత మూలనున్న అల్యూమినియం దిమ్మ తెచ్చి బల్ల మీది ఇనుప పట్టుకు, వైసుకు, బిగించాడు. అప్పటిదాకా చెంచా పట్టుకోలేక వణికిన చేయి ఆకురాయి పట్టుకోగానే నిలిచిపోయింది.

ఆ రోజు నుంచి అన్నం అడిగి తింటున్నాడు. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. ఒకసారి పాట కూడా తీశాడు. ఆకురాయి లాక్కుంటే మళ్ళీ గోడకేసి చూస్తాడని నాకు తెలుసు. లాక్కోకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. రోజూ వెళ్తున్నాను. లైటు పట్టుకుంటున్నాను.

నిన్న చెల్లెమ్మ టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. ఎన్నాళ్ళకో తల దువ్వుకుని, ముఖం తేటగా ఉంది.

"ఎంత బుద్ధిగా చేస్తున్నారో! ఏంటన్నయ్యా అది?"

"ఏదో, చెయ్యి ఊరుకోక," అన్నాను.

రెంచి ముక్కను వైసులోంచి తీశాడు. కన్నంలో ఇరుక్కున్న పొడిని ఉఫ్ మని ఊదాడు. దాన్ని కంటికి ఆనించి అందులోంచి నన్ను చూశాడు.

"గాలికి దారి వచ్చేసింది బావా," అన్నాడు.